పరిషత్తుకు నాటిక తీసుకెళ్తున్నారా? ఎంట్రీ పంపడం నుంచి తెర పడేదాకా చేయాల్సిన పనులు

ఊళ్ళో వినాయక చవితి పందిట్లోనో, స్కూలు వార్షికోత్సవంలోనో నాటిక వేసి మెప్పు పొందిన బృందాలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "పరిషత్తుకు తీసుకెళ్ళాలంటే ఏం చేయాలండీ?" పరిషత్తు అంటే ఊరూరి నాటక సమాజాలు (బృందాలు) వచ్చి పోటీపడే నాటకోత్సవం. నటన గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఎంట్రీ ఎలా పంపాలి, సెట్టు ఎలా మోసుకెళ్ళాలి, అక్కడ లైట్లు ఎవరిస్తారు అన్నవే ఎక్కువమంది సందేహాలు. అవి సరైన సందేహాలే.

సొంతూళ్ళో స్టేజీ మీది, సమయం మీది. పరిషత్తులో స్టేజీ మీరు ఎప్పుడూ చూడనిది. మీ ముందు నాటిక అప్పుడే అయి ఉంటుంది, మీ తరవాతి సమాజం వింగ్స్ (స్టేజీ పక్క తెరలు) పక్కన సామాను దించుకుంటూ ఉంటుంది. మధ్యలో దొరికే కాసేపట్లో సెట్టు నిలబెట్టాలి, మైకులు చూసుకోవాలి, లైట్లవారికి చెప్పుకోవాలి. రెండు నెలల ముందు నుంచి చేసే తయారీ అంతా ఆ కాసేపటి కోసమే అనుకుని ఇది చదవండి.

## 1. ఏ పోటీకో ముందు తేల్చుకోండి

నాటిక తయారు చేసుకుని తరవాత పోటీ వెతకడం మామూలుగా జరిగే పొరపాటు. నిడివి, పాత్రల సంఖ్య, విభాగం పోటీని బట్టి మారిపోతాయి కాబట్టి వరస తిప్పండి.

ఊరి పరిషత్తులు: తెనాలి, గుంటూరు, పొన్నూరు, చిలకలూరిపేట, వీరవాసరం లాంటి చోట్ల జరిగేవి. మొదటిసారి వెళ్ళే బృందానికి ఇవే మంచి మెట్టు. ప్రేక్షకులకు నాటకం తెలుసు, నిర్వాహకులకు మీ ఇబ్బందులు తెలుసు. నాటికకు సాధారణంగా గంట లోపు నిడివి అడుగుతారు.

నంది నాటకోత్సవాలు: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్వహించేవి. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటికతో పాటు బాలలకు, కళాశాల–విశ్వవిద్యాలయ విద్యార్థులకు వేరే విభాగాలు ఉన్నాయి. ప్రాథమిక పరిశీలన దాటితేనే తుది పోటీ.

విశ్వవిద్యాలయ యువజనోత్సవాలు: భారత విశ్వవిద్యాలయాల సంఘం నియమాల్లో ఏకాంకిక 30 నిమిషాలు దాటకూడదు. నటులు 9 మంది, నేపథ్యానికి 3 మంది. స్కిట్‌కు 6 మంది, 10 నిమిషాలు. గంట నాటికను సగానికి కోసి ఇక్కడికి తీసుకెళ్ళవద్దు, అరగంటకు రాసిన స్క్రిప్టే ఎంచుకోండి.

బాలోత్సవాలు: పిల్లలకు ప్రత్యేకం. వయసు విభాగాలు ఉంటాయి, ధ్రువపత్రాలు అడుగుతారు.

ఏ పోటీ అయినా ఆ ఏడాది ప్రకటన పూర్తిగా చదవండి. నిరుటి నియమాలు ఎవరో చెప్పగా విని సిద్ధం కావద్దు. ఎంట్రీ పంపే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి ఇవి అడిగి రాసుకోండి:

- నిడివి ఎక్కణ్నుంచి లెక్క? టైటిల్స్ వాయిస్ (మొదట్లో పేర్లు చదివే గొంతు) కూడా అందులో కలుస్తుందా?
- సమయం దాటితే మార్కులు తగ్గిస్తారా, పోటీ నుంచి తప్పిస్తారా?
- సెట్టు అమర్చడానికి ఎంత సమయం?
- స్టేజీ వెడల్పు, లోతు, ఎత్తు ఎంత? వింగ్స్ ఎన్ని? ముందు తెర ఉందా?
- మైకులు పై నుంచి వేలాడేవా, నేల మీదివా?
- బల్ల, కుర్చీలు, మంచం అక్కడ ఇస్తారా?
- పారితోషికం ఎంత, ఎప్పుడు ఇస్తారు? భోజనం, బస ఎంతమందికి?

## 2. స్క్రిప్టు: మొదట అనుమతి, తరవాత కత్తెర

రచయిత బతికి ఉంటే వారి నుంచి, లేకపోతే వారసుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ళ వరకు కాపీరైటు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ అప్పారావు రచనలకు ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిన్న మొన్న వారపత్రికలో వచ్చిన కథను నాటకీకరిస్తే మూలకథ రచయిత అనుమతి తప్పనిసరి.

స్కూళ్ళవాళ్ళు ఒక విషయం గమనించాలి. ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రుల మధ్య పాఠశాలలో వేసే నాటకానికి 1957 కాపీరైటు చట్టం వెసులుబాటు ఇస్తుంది. అదే నాటికను బయట పోటీకి తీసుకెళ్తే ఆ వెసులుబాటును నమ్ముకోలేం. ఒక ఉత్తరం రాసి అడిగితే చాలామంది రచయితలు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక నిడివి. చదివితే 50 నిమిషాలు వచ్చే స్క్రిప్టు స్టేజీ మీద గంట దగ్గరికి వెళ్తుంది. చప్పట్లు, మౌనాలు, లైట్ల మార్పులు, నవ్వు ఆగేదాకా నటుడు ఆగడం ఇవన్నీ కలుస్తాయి. గంట పోటీకి 48 నుంచి 50 నిమిషాల చదువు పెట్టుకోండి.

ఎక్కడ కోయాలి? సీన్లు తీసేయడం ఆఖరి మార్గం. ముందుగా, స్టేజీ మీద కనిపిస్తున్నదాన్ని నోటితో మళ్ళీ చెప్పే మాటలు కోయండి. ఇల్లు అమ్మే సీను ఒకటి అనుకుందాం:

"ఇల్లు అమ్మేస్తానంటున్నావు. ఇది మా నాన్న కట్టిన ఇల్లు. ఇందులోనే పుట్టాను, ఇందులోనే పెరిగాను. ఈ గోడలతో నాకున్న అనుబంధం నీకేం తెలుసు?"

గోడ మీద తండ్రి ఫొటో ఎలాగూ ఉంది. అప్పుడు ఇది చాలు:

"ఇల్లు అమ్మేస్తానంటున్నావు." (ఫొటో వైపు చూసి) "ఆ మాటేదో ఆయనకు నువ్వే చెప్పు."

సమయం మిగిలింది, నటుడికి పని దొరికింది. స్క్రిప్టంతా ఈ కంటితో ఒకసారి చూస్తే ఏ సీనూ పోకుండా నాలుగైదు నిమిషాలు దిగుతుంది. రచయితకు చూపించి ఒప్పించాకే కోత ఖాయం చేయండి.

## 3. పాత్రధారులు, డేట్లు

ఎంట్రీ పంపే ముందే ప్రతి ఒక్కరి డేట్లు రాతలో తీసుకోండి. పరీక్షలు, పెళ్ళిళ్ళు, ఆఫీసు ఆడిట్లు అన్నీ అడగండి.

స్త్రీ పాత్రల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన పరిషత్తుల్లో నటించే కళాకారిణుల్లో చాలామంది ఒకే సీజన్లో పలు సమాజాలకు పనిచేస్తుంటారు. రెండు పరిషత్తులు ఒకే వారంలో పడితే ఎవరికో ఒకరికి ఇబ్బంది తప్పదు. కాబట్టి ముందే మాట్లాడుకోవాల్సినవి:

- ఎన్ని రిహార్సళ్ళకు రాగలరు, ఏ రోజుల్లో?
- పారితోషికం ఎంత, ప్రయాణ ఖర్చు వేరుగానా?
- రాత్రి ప్రదర్శన అయ్యాక తిరుగు ప్రయాణం ఎవరి బాధ్యత?
- అక్కడ దుస్తులు మార్చుకోవడానికి తలుపు గడియ పడే వేరే గది ఉందా?

ఆఖరిది నిర్వాహకులకు వదిలేయకండి, మీరే అడిగి తేల్చుకోండి. కళాకారిణి రెండు రిహార్సళ్ళకే రాగలిగితే మిగతా రోజుల్లో ఆ పాత్రను ఇంకొకరు చదువుతూ, నడుస్తూ నిలబడాలి. అలా ఎవరూ నిలబడకపోతే మిగతావాళ్ళకు ఖాళీ చోటుతో మాట్లాడటం అలవాటైపోతుంది. ఆవిడ వచ్చిన రోజు అందరి చూపులూ తప్పుతాయి.

## 4. రిహార్సల్ వరస

ఎనిమిది వారాలు ఉంటే పని ఇలా పంచుకోవచ్చు.

మొదటి రెండు వారాలు: కూర్చుని చదవడం. ఉచ్చారణ, యాస, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు అన్నవి ఇక్కడే తేలాలి. శ్రీకాకుళం ఇంట్లో తండ్రి ఒక యాస, కొడుకు ఇంకో యాస మాట్లాడితే ప్రేక్షకులు మొదటి నిమిషంలోనే పట్టేస్తారు.

మూడు, నాలుగు వారాలు: కదలికలు. నేల మీద సుద్దతో స్టేజీ కొలత గీయండి. పరిషత్తు వాళ్ళు చెప్పిన కొలత కంటే అటూ ఇటూ రెండేసి అడుగులు తగ్గించి గీయండి. చెప్పిన వెడల్పులో కొంత సెట్టుకు, వింగ్స్‌కు పోతుంది.

ఐదో వారం: చేతిలో కాగితం ఉండకూడదు. ప్రాంప్టింగ్ (పక్క నుంచి మాట అందించడం) మెల్లగా మానేయండి. మైకు పక్కన ప్రాంప్టర్ గుసగుస హాలంతా వినపడుతుంది.

ఆరో వారం: వస్తువులు. కాఫీ గ్లాసు, ఫోన్, ఫైలు, చేతికర్ర ఏదైనా సరే, ప్రదర్శనలో వాడేదే రిహార్సల్లోనూ వాడాలి.

ఏడో వారం: సెట్టు, సంగీతంతో పూర్తి ప్రదర్శన. స్టాప్‌వాచ్ ఒకరి చేతిలో ఉండాలి. సీను వారీగా సమయం రాసుకోండి. ఎక్కడ సాగుతోందో అప్పుడే తెలుస్తుంది.

ఎనిమిదో వారం: బయటివాళ్ళను పిలిచి వేయండి. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు కాకుండా కథ తెలియనివాళ్ళను పిలవండి. అయ్యాక "బాగుందా?" అని అడగొద్దు. "కథేంటో చెప్పండి" అనండి. వాళ్ళు తడబడిన చోట మీ నాటికలో మరమ్మతు ఉంది.

ఉరి, కత్తి, చెంపదెబ్బ, మంట ఉన్న సీన్లకు విడిగా రిహార్సల్ పెట్టండి. మెడకు నిజంగా ముడి పడే తాడు ఏ పరిస్థితుల్లోనూ వాడకండి. తాడు చూపించి లైట్ తీసేస్తే చాలు. మంట అవసరమైతే నిర్వాహకులను ముందే అడగండి, వద్దంటే మానేయండి.

## 5. సెట్టు: మోయగలిగినంతే

సెట్టు ఎంత గొప్పగా ఉందన్నది రెండో సంగతి. మీవాళ్ళు నలుగురు, మీకిచ్చిన సమయంలో సగంలో దాన్ని నిలబెట్టగలగాలి. మిగతా సగం లైట్లకు, మైకులకు కావాలి.

ఫ్లాట్లకు (గోడల్లా నిలబెట్టే సెట్టు ముక్కలకు) రీపర్ల (సన్న చెక్కపట్టీల) ఫ్రేము మీద గుడ్డ బిగించి రంగు వేయండి. ప్లైవుడ్ చూడ్డానికి బాగుంటుంది కానీ బరువు. ఎనిమిది అడుగుల ఫ్లాటు ఒకే ముక్కగా ఉంటే చిన్న ట్రాలీ ఆటోలో పట్టదు, వెనక నుంచి బయటికి వస్తుంది. నాలుగేసి అడుగుల రెండు ముక్కలుగా చేయించి మధ్యలో బందులు వేయించండి. మడిస్తే బండిలో సర్దుకుంటుంది, రంగు ఉన్న వైపు లోపలికి వెళ్తుంది కాబట్టి గీతలు పడవు.

కొన్ని స్టేజీల మీద మేకు కొట్టనివ్వరు. అందుకని ప్రతి ఫ్లాటుకూ వెనక ఊతకర్ర, దాని మీద పెట్టడానికి ఇసుక సంచి సిద్ధం చేసుకోండి. ఖాళీ సంచులు తీసుకెళ్తే ఇసుక అక్కడే నింపుకోవచ్చు.

తలుపు ఉన్న సెట్టయితే ఆ తలుపును పదే పదే వేసి తీసి చూడండి. నటుడు విసురుగా తలుపేసి వెళ్ళిపోయాక గోడంతా ఊగితే ఆ సీను పోయినట్టే. తలుపు ఫ్లాటుకు రెండు ఊతాలు పెట్టండి.

ఫ్లాట్ల వెనక నంబర్లు వేయండి. ఏ నంబరు పక్కన ఏది రావాలో ఒక కాగితం మీద గీసి, అమర్చే నలుగురికీ తలా ఒక కాపీ ఇవ్వండి. సొంతూళ్ళోనే రెండుసార్లు గడియారం పెట్టుకుని నిలబెట్టి, విప్పండి. విప్పడం కూడా రిహార్సల్ చేయాలి, తరవాతి సమాజం ఎదురుచూస్తూ ఉంటుంది.

సామాను పెట్టెలో ఉండాల్సినవి: సుత్తి, మేకులు, కటింగ్ ప్లేయరు, కొబ్బరి తాడు, బైండింగ్ వైరు, రేడియం టేపు, సెల్లో టేపు, పిన్నీసులు, సూది దారం, టార్చిలైట్లు రెండు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ప్రథమ చికిత్స పెట్టె.

## 6. లైట్లు, సంగీతం

చాలా పరిషత్తుల్లో లైట్లు ఆపరేట్ చేసేది అక్కడి మనిషే. ఆయన మీ నాటిక చూసి ఉండరు. మీ ముందు రెండు నాటికలకు పనిచేసి అలసిపోయి ఉంటారు. నోటితో కథంతా చెప్పి "ఇక్కడ కొంచెం మూడ్ రావాలి సార్" అంటే ఆయనకు ఏమీ అందదు. ఒక్క కాగితం ఇవ్వండి, పెద్ద అక్షరాలతో:

1. టైటిల్స్ వాయిస్ ఆగగానే: చీకటి నుంచి మెల్లగా పూర్తి వెలుగు. ఐదు లెక్కపెట్టేంత సమయం.
2. తండ్రి "తాళాలు అక్కడ పెట్టు" అన్నాక: పూర్తిగా చీకటి, ఒక్కసారిగా.
3. గుడి గంట శబ్దంతో: కుడివైపు మంచం మీద మాత్రమే వెలుగు.
4. కూతురు కూర్చున్నాక: మిగతావి మెల్లగా.

ప్రతి మార్పుకూ గుర్తు ఒక మాట గానీ, శబ్దం గానీ, కదలిక గానీ అయి ఉండాలి. నిమిషాలు రాయొద్దు, నాటిక ఏ రోజూ ఒకే వేగంతో నడవదు. మీ మనిషి ఒకరు ఆయన పక్కనే కూర్చుని ప్రతి మార్పుకూ ముందు "రెడీ", సమయానికి "ఇప్పుడు" అనాలి. ఆ మనిషి రిహార్సళ్ళన్నీ చూసినవారై ఉండాలి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు పది పదిహేను మార్పులతో సరిపెట్టుకోండి. నలభై పెడితే పాతిక తప్పుతాయి. చీకట్లో సామాను మార్చే సమయం పది సెకన్లు దాటితే హాల్లో ఫోన్లు వెలుగుతాయి. అంతకంటే ఎక్కువ పట్టే మార్పు ఉంటే ముందు తెర దగ్గర చిన్న సీను పెట్టండి, లేదా ఆ మార్పే తీసేయండి.

సంగీతానికి ఫైళ్ళన్నీ 01, 02, 03 అని వరసగా పేర్లు పెట్టండి. ప్రతి ఫైలు మొదట్లో ఖాళీ లేకుండా కోయించండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి ఉండాలి. వాయించే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. బ్లూటూత్ నమ్మొద్దు, తీగ మీరే తీసుకెళ్ళండి. సినిమా పాటలు, సినిమా నేపథ్య సంగీతం వాడకండి. హక్కుల చిక్కు ఒకటి, ప్రేక్షకుడి మనసు ఆ సినిమాకు వెళ్ళిపోవడం ఇంకొకటి.

## 7. మైకు

ముందు మైకు లేకుండా ఆఖరి వరస దాకా వినిపించేలా సాధన చేయండి. గొంతు నిలబడ్డాక మైకు సాయం తీసుకోవాలి.

రిహార్సల్ స్థలంలో మైకులు వచ్చే చోట మూడు ఇటుకలు పెట్టండి. అందరూ ఇటుకల దగ్గరికే జరిగి వరసగా నిలబడుతున్నారా? అదే పెద్ద జబ్బు. ముఖ్యమైన సీన్లు మైకు అందే చోట పడేలా కదలికలు కట్టండి, అంతే కానీ ప్రతి మాటకూ మైకు దగ్గరికి నడవనక్కర్లేదు. నేల మీద కూర్చునే సీను, మంచం మీద జబ్బుమనిషి సీను ముందుభాగానికి తీసుకురండి.

## 8. పిల్లలతో వెళ్తుంటే

తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం, వయసు ధ్రువపత్రాలు, స్కూలు లేఖ ముందే ఫైలులో పెట్టుకోండి. ఆడపిల్లలు ఉంటే ఉపాధ్యాయిని తప్పక వెంట ఉండాలి.

బాలల నాటికను పగలు గానీ సాయంత్రం మొదటి ప్రదర్శనగా గానీ పెట్టమని నిర్వాహకులను అడగండి. రాత్రి పదకొండుకు నిద్రమత్తులో ఉన్న పిల్లాడి చేత హాస్యం చేయించలేం. ప్రదర్శనకు రెండు గంటల ముందు ఇడ్లీ లాంటి తేలిక ఆహారం పెట్టండి. మేకప్ వేశాక గ్లాసుతో కాకుండా స్ట్రాతో నీళ్ళు తాగించండి.

పెద్దల మాటలు పిల్లల నోట పెట్టే నాటికలు దయచేసి ఎంచుకోకండి. పదేళ్ళ పిల్ల వరకట్నం మీద ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇస్తే చప్పట్లు పడతాయి, ఆ పిల్లకు మాత్రం నాటకం ఏమీ అందదు. పిల్లలు ఆడుకునేవి, గొడవపడేవి, భయపడేవి కథలో ఉండాలి. ఒకరు మాట మరిచిపోతే పక్కవాడు ఎలా అందుకోవాలో ఆటగా నేర్పండి. ప్రతి పాత్రకూ మాటలు తెలిసిన ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే జ్వరాలు వచ్చినా ప్రదర్శన ఆగదు.

## 9. ప్రయోగాత్మక నాటకం అయితే

పరిషత్తు ప్రేక్షకులు ప్రయోగాన్ని ఒప్పుకోరన్న మాటను నేను నమ్మను. వాళ్ళు ఒప్పుకోనిది అయోమయాన్ని. మీ నాటికలో ఒకే నటుడు నాలుగు పాత్రలు వేస్తాడా? కండువా మారిస్తే పాత్ర మారుతుందా? ఆ ఒప్పందాన్ని మొదటి మూడు నిమిషాల్లోనే చూపించేయండి. తరవాత ఎంత దూరమైనా వాళ్ళు వెంట వస్తారు.

ప్రేక్షకుల మధ్య నుంచి ప్రవేశం, స్టేజీ కింద సీను ఉంటే రెండు సంగతులు చూసుకోవాలి. అక్కడ వెలుగు ఉండదు, వెనక వరసలకు కనిపించదు. స్టాండు మీద పెట్టే చిన్న లైట్లు రెండు, మీ వైరు, మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్ళండి. ఏ వరస పక్క నుంచి నటుడు వస్తాడో నిర్వాహకులకు చెప్పి దారి ఖాళీ పెట్టించండి.

## 10. ప్రదర్శన రోజు

- మధ్యాహ్నానికే ఊరు చేరండి. ముందు నాటికలు చూడండి, హాల్లో గొంతు ఎలా వస్తోందో తెలుస్తుంది.
- స్టేజీ ఖాళీగా ఉన్నప్పుడు అందరూ ఒకసారి నడవండి. ఎత్తుపల్లాలు, తీగలు, పలక ఊడిన చోట్లు గుర్తుపెట్టుకోండి.
- న్యాయనిర్ణేతలకు ఇవ్వాల్సిన స్క్రిప్టు కాపీలు, టైటిల్స్ కాగితం అప్పగించండి. పేర్లు తప్పుల్లేకుండా ఉన్నాయో లేదో చూడండి.
- చేతి వస్తువులన్నీ ఒక బల్ల మీద పెట్టి, ప్రతిదాని కింద కాగితంపై పేరు రాయండి. వాడినవారు తిరిగి అక్కడే పెట్టాలి.
- చీకట్లో పెట్టాల్సిన కుర్చీ, బల్లల చోట రేడియం టేపు అంటించండి.
- సమయం చూసే మనిషి వింగ్‌లో ఉండి, సగానికి, ఆఖరి పది నిమిషాలకు నటులకు కనిపించేలా సైగ చేయాలి.
- ఆలస్యంగా మొదలైతే విసుక్కోవద్దు. నటులను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మొదటి సీను ఒకసారి మెల్లగా అనిపించండి.

## 11. స్టేజీ మీద తేడా వస్తే

కరెంటు పోయింది. ఉన్నచోటే ఆగండి. జనరేటర్ వచ్చాక ఆగిన మాటకు రెండు మాటల ముందు నుంచి అందుకోండి. పోయిన సమయాన్ని మినహాయించమని మీ మేనేజరు నిర్వాహకులతో మాట్లాడాలి.

ఎదుటి నటుడు మాట మరిచాడు. అతనికి రావాల్సిన మాటను మీరు ప్రశ్నగా మార్చి అడగండి. "డాక్టరు ఏమన్నాడో చెప్పవేంరా?" అంటే దారిలో పడతాడు.

ఒక పేజీ దాటేశారు. వెనక్కి వెళ్ళకండి. ఆ పేజీలో కథకు తప్పనిసరైన విషయం ఏదో ఉంటుంది, దాన్ని ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్ళండి. ఏ పేజీలో ఏది తప్పనిసరో రిహార్సల్లోనే అందరికీ తెలియాలి.

సంగీతం రాలేదు. ఎదురుచూడొద్దు, నడిపించండి. ప్రేక్షకులకు అక్కడ సంగీతం ఉందని తెలియదు.

ప్రతి మాటకూ నవ్వుతున్నారు, సమయం దాటుతోంది. తీసేయగల చోట్లు రెండు ముందే గుర్తుపెట్టుకోండి. వింగ్‌లో సమయం చూసే మనిషి సైగ చేస్తే వాటిని వదిలేయాలి.

## 12. తెర పడ్డాక

సెట్టు విప్పడం మొదట, ఫొటోలు తరవాత. గ్రీన్‌రూమ్ ఊడ్చి ఇవ్వండి. అద్దె వస్తువుల జాబితా చూసి లెక్క సరిపెట్టుకుని బండి ఎక్కించండి. పారితోషికం తీసుకున్నాక కళాకారిణులకు, మేకప్ మనిషికి, డ్రైవరుకు అక్కడికక్కడే ఇచ్చేయండి. రేపు పంపిస్తామంటే వచ్చే సీజన్లో ఎవరూ రారు.

న్యాయనిర్ణేతలు వేదిక మీద చెప్పేది పొగడ్తల్లో కలిసిపోతుంది. మర్నాడు వీలైతే ఒకరిని కలిసి "ఎక్కడ నమ్మలేకపోయారు సార్?" అని అడిగి రాసుకోండి. బహుమతి రాలేదని అక్కడ వాదన పెట్టుకోవద్దు. అదే నాటిక ఇంకో ఊళ్ళో ఆడే అవకాశం ఆ సీజన్లోనే ఉంటుంది.

వారం లోపు అందరూ కూర్చుని మూడు కాగితాలు రాయండి: కోయాల్సిన మాటలు, బాగుచేయాల్సిన సామాను, అయిన ఖర్చు. రాశాక తరవాతి పరిషత్తు ఎంట్రీ గడువు చూసుకుని, అందరి డేట్లూ మళ్ళీ అడగండి.